కారు అద్దము దిగడం లేదా? మోటారు కొనక ముందు ఇవి చూడండి



ఇంటిని, ఇంటి సామగ్రిని, వాహనములను పాడుకాకుండా చూసుకోవడము గూర్చి ప్రతి నెలా ఈ పేజీలో కొంత ముచ్చటించుకుంటున్నాము. ఈ నెల తీసుకున్న సంగతి పైకి చాలా చిన్నదిగా కనబడుతుంది. పాత కారులో పవర్ విండో స్విచ్ నొక్కితే అద్దము దిగదు, లేదా దిగిన అద్దము మరల పైకి రాదు. దీనికి ఏమి చేయాలి అన్నదే ఈ నెల మాట.

ఇప్పుడు మన కుటుంబములలో చాలామంది సెకండ్ హ్యాండ్ కారు కొనుక్కుంటున్నారు. పదేళ్లు, పన్నెండేళ్లు వాడిన కారు తక్కువ ధరకు దొరుకుతుంది. ఇంజను బాగుందా, టైర్లు బాగున్నాయా అని చూస్తారు గాని, నాలుగు తలుపుల అద్దములను ఒక్కొక్కటిగా దింపి ఎక్కించి చూసేవారు తక్కువ. కొన్న నెలలోగా ఒక అద్దము మొరాయిస్తుంది. మెకానిక్కు దగ్గరకు వెళితే, “మోటారు పోయింది సార్, కొత్తది వేయాలి” అనే జవాబు వస్తుంది. మోటారు, కూలి కలిపి వేల రూపాయలు. నిజముగా మోటారే పోయి ఉంటే ఆ ఖర్చు తప్పదు. కాని చాలాసార్లు చెడినది మోటారు కాదు. పది ఇరవై రూపాయల ఫ్యూజు గాని, తెగిన ఒక తీగ గాని, దుమ్ము పట్టిన రబ్బరు గాని అయి ఉంటుంది. కాబట్టి ఈ నెల మేము చెప్పదలచినది ఒకే మాట. కరెంటు ఎక్కడిదాకా వచ్చి ఆగిందో తెలుసుకోకుండా ఏ భాగమునూ మార్పించవద్దు.

హ్యాండిలు నుండి స్విచ్ వరకు

1983 డిసెంబరులో మారుతి 800 మన రోడ్ల మీదికి వచ్చినప్పుడు దాని అద్దములకు చేతితో త్రిప్పే హ్యాండిలే ఉండేది. అంబాసిడరుకూ అంతే. హ్యాండిలు త్రిప్పితే పళ్ల చక్రము తిరిగి, ఇనుప చేతులు అద్దమును ఎత్తేవి. పవర్ విండోలోనూ మూల సూత్రము ఇదే. త్రిప్పే చేయి స్థానములో ఒక చిన్న మోటారు వచ్చింది, అంతే.

తలుపు లోపల ఏమున్నదో ఒకసారి మనస్సులో చిత్రించుకుంటే, తరువాత చెప్పబోయేవన్నీ తేలికగా అర్థమవుతాయి. బ్యాటరీ నుండి 12 వోల్టుల కరెంటు ఫ్యూజు గుండా, చాలా కార్లలో ఒక రిలే గుండా, స్విచ్‌కు వస్తుంది. స్విచ్ నుండి రెండు తీగలు మోటారుకు వెళతాయి. ఒక వైపు నొక్కితే మొదటి తీగకు కరెంటు, రెండవ తీగకు ఎర్త్ అందుతాయి. రెండవ వైపు నొక్కితే ఇవి తారుమారవుతాయి. అప్పుడు మోటారు ఎదురు దిక్కున తిరుగుతుంది. ఎక్కడమునకు, దిగడమునకు ఒకే మోటారు ఎలా సరిపోతున్నదో ఇప్పుడు తెలిసింది గదా. మోటారు తిరిగితే రెగ్యులేటర్ అనే అమరిక అద్దమును ఎత్తుతుంది. ఈ రెగ్యులేటర్ కొన్ని కార్లలో కత్తెరలాగా ముడుచుకునే ఇనుప చేతులతో ఉంటుంది. మరి కొన్నింటిలో సన్నని ఉక్కు కేబులుతో, పుల్లీలతో ఉంటుంది. అద్దము రెండు ప్రక్కల రబ్బరు గాడిలో జారుతుంది.

ఇక లోపము ఈ దారిలో ఎక్కడో ఒకచోట ఉండాలి. ఫ్యూజు, రిలే, స్విచ్, తీగ, మోటారు, రెగ్యులేటర్, రబ్బరు – ఈ ఏడింటిలో ఏది అన్నదే ప్రశ్న. చవకైనది, సులభముగా చూడగలిగినది ముందు చూసి, ఖరీదైన దానికి చివర రావాలి.

మొదటి ప్రశ్న: ఒకటా, అన్నీనా?

ఇంజను స్టార్ట్ చేసి, నాలుగు అద్దములను ఒక్కొక్కటిగా నొక్కి చూడండి. ఇంజను ఎందుకంటే, ఆగి ఉన్న కారులో బ్యాటరీ సుమారు 12 వోల్టులే ఇస్తుంది. ఇంజను నడుస్తుంటే అది 14 దగ్గరకు వస్తుంది. బ్యాటరీ నీరసించిన కారులో ఈ తేడాకే కొన్ని అద్దములు కదులుతాయి. అలాగైతే మీరు చూడవలసినది తలుపును కాదు, బ్యాటరీని.

నాలుగూ పనిచేయకపోతే, నాలుగు మోటార్లు ఒకే రోజున చెడిపోవడము జరగని పని. అన్నింటికీ ఉమ్మడిగా ఉన్నవే చూడాలి. అవి ఫ్యూజు, రిలే, డ్రైవరు తలుపు మీద ఉన్న పెద్ద స్విచ్, దానికి వచ్చే తీగలు.

డ్రైవరు అద్దము పనిచేస్తూ, మిగిలిన మూడు పనిచేయకపోతే, ముందుగా డ్రైవరు తలుపు మీద ఉన్న లాక్ బటన్ చూడండి. పిల్లలు వెనుక అద్దములతో ఆడకుండా దానిని పెట్టారు. ఎప్పుడో చేయి తగిలి అది నొక్కుకుపోయి ఉంటుంది. దీనికే కారును వర్క్‌షాపులో వదలి వచ్చినవారు ఉన్నారు.

ఒక్క అద్దమే పనిచేయకపోతే, దానిని రెండు చోట్ల నుండి ప్రయత్నించాలి. ఆ తలుపు మీది స్విచ్‌తో ఒకసారి, డ్రైవరు ప్రక్కనున్న స్విచ్‌తో ఒకసారి. డ్రైవరు స్విచ్‌తో కదిలి, తన సొంత స్విచ్‌తో కదలకపోతే మోటారు బాగున్నట్టే. లోపము ఆ చిన్న స్విచ్‌లో ఉన్నది. ఎక్కడి నుండి నొక్కినా కదలకపోతే ముందుకు సాగాలి. ఒక సంగతి మాత్రము జ్ఞాపకముంచుకోండి. అనేక పాత కార్లలో వెనుక తలుపు స్విచ్‌కు కావలసిన ఎర్త్ డ్రైవరు తలుపులోని పెద్ద స్విచ్ గుండానే వస్తుంది. కాబట్టి వెనుక అద్దము జబ్బుకు మూలము ముందు తలుపులో ఉండవచ్చు.

రెండవ ప్రశ్న: చెవికి ఏమి వినబడుతున్నది?

రేడియో, ఏసీ ఆపి, తలుపుకు చెవి దగ్గరగా పెట్టి, ఇంకొకరిని స్విచ్ నొక్కమనండి.

మోటారు తిరుగుతున్న “గుయ్” మనే శబ్దము వచ్చి అద్దము కదలకపోతే, కరెంటు బాగానే అందుతున్నది, మోటారు బాగున్నది. కేబులు తెగింది, లేక ప్లాస్టిక్ క్లిప్పు విరిగింది, లేక పళ్లు అరిగిపోయాయి. అంటే రెగ్యులేటర్ పని. ఇక్కడ మోటారు మార్చితే డబ్బు వృథా.

ఏ శబ్దమూ రాకపోతే ఒక చిన్న పరీక్ష ఉన్నది. చీకటి పడిన తరువాత, ఇంజను ఆపి, తాళము ఆన్‌లో ఉంచి, కారు లోపలి పై దీపము వెలిగించండి. స్విచ్ నొక్కినప్పుడు ఆ దీపము కొంచెము మసకబారితే కరెంటు మోటారు వరకు వెళుతున్నట్టు గుర్తు. మోటారు తిరగాలని ప్రయత్నిస్తూ తిరగలేకపోతున్నది. అద్దము గాడిలో బిగుసుకుపోయి ఉండవచ్చు, మోటారే పట్టేసి ఉండవచ్చు. దీపములో ఏ మార్పూ లేకపోతే కరెంటు దారిలోనే ఎక్కడో ఆగింది, లేదా మోటారు లోపలి కార్బన్ బ్రష్షులు అరిగిపోయాయి. బ్రష్షుల సంగతి తేల్చడానికి, ఒకరు స్విచ్ నొక్కి ఉంచగా, మరొకరు మోటారు ఉన్న చోట డోర్ ప్యాడ్ మీద పిడికిలితో మెల్లగా తట్టాలి. తట్టగానే మోటారు మేల్కొంటే బ్రష్షుల కాలము తీరింది. కొన్నాళ్లు నడవవచ్చు గాని నమ్మకము పెట్టుకోరాదు.

పది పదిహేను సార్లు వరుసగా ఎక్కించి దించితే మోటారు ఆగిపోయి, కొన్ని నిమిషముల తరువాత మరల పనిచేయడము కూడ చూస్తాము. ఇది జబ్బు కాదు. వేడెక్కినప్పుడు కరెంటును తెంచే రక్షణ అనేక మోటార్లలో లోపలే ఉంటుంది. పిల్లలు స్విచ్‌తో ఆడినప్పుడు ఇలా జరుగుతుంది.

ఫ్యూజు

ఫ్యూజు పెట్టె మూత లోపలి బొమ్మలో గాని, కారుతో ఇచ్చిన పుస్తకములో గాని పవర్ విండో ఫ్యూజు ఏదో వ్రాసి ఉంటుంది. సాధారణముగా 20 నుండి 30 ఆంపియర్లది ఉంటుంది. తాళము తీసివేసి, దానిని లాగి వెలుతురులో చూడండి. లోపలి తీగ తెగి ఉంటే అదే విలువ గల ఫ్యూజు వేయండి. కొత్త ఫ్యూజు నిలబడితే మంచిది. వేసిన వెంటనే అది కూడ పోతే ఎక్కడో షార్టు ఉన్నది. మరొకటి, మరొకటి వేస్తూ పోకూడదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని రాగి తీగ చుట్టడము, సిగరెట్టు పెట్టెలోని వెండి కాగితము మడిచి పెట్టడము, 20 ఆంపియర్ల చోట 40 పెట్టడము మన ప్రాంతములలో కనబడుతూనే ఉన్నది. ఫ్యూజు ఉన్నది మోటారును కాపాడడానికి మాత్రమే కాదు, తీగను కాపాడడానికి. ఫ్యూజు తెగకపోతే తీగ కాలుతుంది. ఆ తీగ డ్యాష్‌బోర్డు వెనుక, సీట్ల క్రింద, మన కుటుంబము కూర్చున్న చోటనే పరచి ఉన్నది.

తలుపు సందులో ఉన్న రబ్బరు గొట్టము

తలుపు తెరచి, కీలుల మధ్య చూస్తే ముడతల రబ్బరు గొట్టము ఒకటి కనబడుతుంది. కారు శరీరము నుండి తలుపులోకి వెళ్లే తీగలన్నీ దానిలోనే ఉంటాయి. రోజుకు పదిసార్లు తలుపు తీసి వేసినా ఏడాదికి మూడు వేలకు పైగా సార్లు ఆ తీగలు వంగుతాయి. పదేళ్లలో లెక్క మీరే చూసుకోండి. అందుకే పాత కారులో తీగ తెగితే సాధారణముగా అక్కడే తెగుతుంది. అన్నింటికంటె ఎక్కువగా తెరుచుకునేది డ్రైవరు తలుపు కనుక అక్కడ ఈ లోపము మరీ ఎక్కువ.

దీనిని కనిపెట్టడానికి పనిముట్లు అక్కరలేదు. స్విచ్ నొక్కి పట్టుకుని, తలుపును మెల్లగా తెరుస్తూ మూస్తూ ఉండండి. ఏదో ఒక కోణములో అద్దము ఒక్క అంగుళము కదిలినా చాలు, దొంగ దొరికాడు. రబ్బరును వెనుకకు జరిపి చూస్తే తెగిన తీగ కనబడుతుంది. పైకి బాగుండి లోపల రాగి తెగినది కూడ ఉండవచ్చు, మెల్లగా లాగితే సాగుతుంది. మెలి త్రిప్పి టేపు చుట్టితే అది మరల తెగుతుంది. మధ్యలో కొత్త మెత్తని తీగ ముక్క చేర్చి టంకము వేయించి, అతుకు వంగని చోట పడేటట్టు చేయించాలి.

మాకు తెలిసిన ఒక ఉపాధ్యాయుని కుటుంబము ఉన్నది. వారి పాత కారులో డ్రైవరు అద్దము వర్షాకాలములో సగము దిగి ఆగిపోయింది. మోటారు మార్చాలని ఒకరు చెప్పగా మార్పించారు. నాలుగు రోజులు బాగుండి, మరల ఆగింది. కొత్త మోటారు కూడ చెడినదే అనుకుని దుకాణము వారితో మాట మాట పెరిగింది. చివరకు ఒక పెద్దాయన, వృత్తికి ఆటో ఎలక్ట్రీషియన్, తలుపును అటూ ఇటూ ఊపుతూ స్విచ్ నొక్కి రెండు నిమిషములలో సంగతి తేల్చాడు. తెగినది ఒక్క తీగ. మోటారు మార్చేటప్పుడు తలుపు కదలికకు ఆ తెగిన కొనలు తాత్కాలికముగా తాకి, రిపేరు అయినట్టు కనబడింది. పాత మోటారు మంచిదే. దానిని ఆ ఇంట్లో ఇంకా దాచుకున్నారు.

స్విచ్

స్విచ్ లోపలి రాగి బిళ్లలు ఏళ్ల తరబడి చిన్న చిన్న నిప్పురవ్వలకు నల్లబడతాయి. అద్దము దించి ఉన్నప్పుడు వాన పడితే నీరు సూటిగా స్విచ్‌లోకి పోతుంది. టీ, కూల్‌డ్రింకు ఒలికితే మరీ చెరుపు. గట్టిగా నొక్కితేనే పనిచేయడము, ఎక్కుతుంది గాని దిగకపోవడము స్విచ్ జబ్బు గుర్తులు. మోటారుకు ఎక్కడము, దిగడము ఒకటే అని పైన చూశాము గదా. ఒక వైపు పనిచేసి రెండవ వైపు పనిచేయకపోతే మోటారును అనుమానించడములో అర్థము లేదు.

అనేక కార్లలో వెనుక రెండు తలుపుల స్విచ్‌లు ఒకే రకము. తాళము తీసివేసి, ఒకదానిని విప్పి రెండవ దాని కప్లరుకు తగిలించి చూడండి. లోపము స్విచ్‌తో పాటు చోటు మారితే సంగతి తేలినట్టే. కాంటాక్టులు శుభ్రపరచే స్ప్రే స్పేర్ పార్టుల దుకాణములలో దొరుకుతుంది. కొన్నిసార్లు దానితోనే స్విచ్ బాగుపడుతుంది.

మెల్లగా, ఏడుస్తూ ఎక్కే అద్దము

అద్దము కదులుతున్నది గాని చాలా మెల్లగా, కిర్రుమంటూ ఎక్కుతున్నదంటే మొదట చూడవలసినది రబ్బరు గాడి. మన రోడ్ల దుమ్ము, ఎండకు గట్టిబడిన రబ్బరు కలిసి అద్దమును పట్టేస్తాయి. అతికించిన ఫిల్ము అంచు లేచి మడతపడినా ఇలాగే అవుతుంది. మోటారు ఆ బరువును రోజూ లాగి లాగి చివరకు నిజముగానే కాలిపోతుంది.

అద్దమును పూర్తిగా దించి, తడి గుడ్డను ఒక సన్నని చెక్క పుల్లకు చుట్టి గాడి పొడవునా తుడవండి. గుడ్డ నల్లబడడము ఆగేవరకు తుడవాలి. ఆరిన తరువాత సిలికాన్ స్ప్రే కొద్దిగా కొట్టి, అద్దమును నాలుగైదు సార్లు ఎక్కించి దించండి. ఇంజను ఆయిలు, గ్రీజు రబ్బరుకు పూయవద్దు. వాటికి రబ్బరు ఉబ్బిపోతుంది, దుమ్మును ఇంకా ఎక్కువ పట్టుకుంటుంది. గ్రీజు కావలసినది లోపలి ఇనుప చేతులకు, పళ్లకు మాత్రమే. ఏడాదికి రెండు సార్లు, వేసవి ముందు ఒకసారి, వానల ముందు ఒకసారి, ఈ పని చేసుకుంటే మోటారు ఆయుష్షు పెరుగుతుంది.

తలుపు అడుగు అంచున చిన్న రంధ్రములు ఉంటాయి. అద్దము వెంబడి లోపలికి దిగిన వాన నీరు వాటి గుండా బయటికి పోవాలి. మట్టితో అవి మూసుకుపోతే నీరు తలుపులో నిలిచి, మోటారును, కప్లరును తుప్పు పట్టిస్తుంది. ఒక ప్లాస్టిక్ పుల్లతో వాటిని తెరచి ఉంచండి.

ప్యాడ్ విప్పవలసి వచ్చినప్పుడు

పైవన్నీ చూసిన తరువాతనే డోర్ ప్యాడ్ విప్పే పని. చేయి తిరిగినవారు కాకపోతే మెకానిక్కు చేత చేయించండి, కాని ప్రక్కన నిలబడండి. ప్యాడ్ తీసిన తరువాత మోటారు కప్లరు విప్పి, స్విచ్ నొక్కినప్పుడు అక్కడికి 12 వోల్టులు వస్తున్నాయా అని టెస్ట్ ల్యాంపుతో చూడమనండి. ల్యాంపు వెలిగి, మోటారు తిరగకపోతేనే మోటారు పోయిందని అర్థము. వెలగకపోతే లోపము వెనుక దారిలో ఉన్నది. ఇంతకంటె నమ్మదగిన పరీక్ష లేదు. రెండు తీగలే ఉన్న సాధారణ మోటారునైతే బ్యాటరీ నుండి ఫ్యూజు ఉన్న తీగలతో సూటిగా కరెంటు ఇచ్చి కూడ చూడవచ్చు. ఒక్కసారి నొక్కితే తానంతట తానే పైకి వెళ్లి, చేయి అడ్డు వస్తే వెనుకకు దిగే రకము మోటారుకు ఎక్కువ తీగలు ఉంటాయి. దానికి ఈ పరీక్ష చేయరాదు. బ్యాటరీ విప్పి పెట్టిన తరువాత ఆ రకము అద్దము సరిగా పనిచేయకపోతే, పుస్తకములో చెప్పినట్టు పూర్తిగా మూసి స్విచ్‌ను కొన్ని క్షణములు పట్టి ఉంచితే మరల దారికి వస్తుంది.

కత్తెర రకము రెగ్యులేటర్‌కు చుట్టబడిన బలమైన స్ప్రింగు ఉంటుంది. చేతులను క్లాంపుతో బిగించకుండా మోటారును విప్పితే ఆ స్ప్రింగు ఒక్కసారిగా విడివడి వ్రేళ్లను నలిపివేస్తుంది. అద్దమును కూడ టేపుతో పైన కట్టి ఉంచకపోతే కత్తిలా క్రిందికి జారుతుంది. ఇంట్లో పిల్లవానిని సాయముగా పిలిచి చేసే పని ఇది కాదు. ప్యాడ్ వెనుక ఉన్న ప్లాస్టిక్ పొరను చించి పారవేయవద్దు. నీరు కారు లోపలికి రాకుండా ఆపేది అదే. దానిని తిరిగి అతికించారో లేదో చూసుకోండి.

మెకానిక్కును అనుమానించమని మేము చెప్పడము లేదు. ఎండలో, గ్రీజులో కష్టపడి పనిచేసే వారిలో నిజాయితీపరులు అనేకులు. కాని మంచి ప్రశ్నకు మంచి జవాబు వస్తుంది. “మోటారుకు కరెంటు వస్తున్నదా? చూపించండి బాబూ” అని మర్యాదగా అడగండి. మార్చిన పాత భాగమును ఇంటికి తెచ్చుకోండి.

వానలో తెరచి ఉండిపోతే

ఒకరు స్విచ్‌ను పైకి నొక్కి పట్టగా, మరొకరు అద్దమునకు లోపల ఒక అరచేయి, బయట ఒక అరచేయి ఆనించి మెల్లగా పైకి లాగితే చాలాసార్లు వస్తుంది. వచ్చిన తరువాత వెడల్పు టేపును అద్దము మీదుగా ఫ్రేము పైకి అతికించి, రిపేరు అయ్యేవరకు ఆ స్విచ్‌ను ముట్టవద్దు.

వరద నీటిలో మునిగిన కారు

2020 అక్టోబరులో హైదరాబాదులో, 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో ఎన్నో కార్లు నీట మునిగాయి. అటువంటి కార్లు కడిగి, తుడిచి తిరిగి అమ్మకానికి వస్తాయి. కొనేటప్పుడు నాలుగు అద్దములను దించి గాడిలో వ్రేలు పెట్టి చూడండి. దుమ్ము మామూలే, ఎండిన ఒండ్రు మట్టి మామూలు కాదు. సీటు బెల్టును చివరిదాకా లాగి మరక ఉందేమో చూడండి. సీటు క్రింది బోల్టుల తుప్పు చూడండి. నీరు త్రాగిన స్విచ్‌లు, కప్లర్లు వెంటనే చెడవు. నెలల తరువాత ఒక్కొక్కటిగా మొరాయిస్తాయి.

ఇక ఖర్చు కంటె పెద్ద సంగతి

ఇంతవరకు డబ్బు గూర్చి చెప్పాము. ప్రాణము గూర్చి చెప్పకుండా ముగించలేము.

2025 మే నెలలో విజయనగరము జిల్లా ద్వారపూడిలో, ఆడుకుంటూ నిలిపి ఉన్న కారులోకి ఎక్కిన నలుగురు చిన్నపిల్లలు బయటికి రాలేక ఊపిరాడక మరణించారు. ఆ వార్త చదివి కంట తడిపెట్టని తల్లిదండ్రులు ఉండరు. మనము గ్రహించవలసినది ఏమిటంటే, తాళము లేని కారులో సాధారణముగా పవర్ విండో పనిచేయదు. పాత హ్యాండిలునైతే పిల్లవాడు త్రిప్పగలిగేవాడు. స్విచ్‌ను ఎంత నొక్కినా అద్దము దిగదు. మే నెల ఎండలో మూసిన కారు కొన్ని నిమిషములలోనే పొయ్యి అవుతుంది.

కాబట్టి ఇంటి ముందు నిలిపిన కారును ఎల్లప్పుడూ లాక్ చేయండి. తాళపు చెవిని పిల్లలకు అందని ఎత్తున తగిలించండి. “ఒక్క నిమిషములో వస్తాను” అని పిల్లలను గాని, ముసలి తల్లిదండ్రులను గాని కారులో ఉంచి దుకాణములోనికి వెళ్లవద్దు. పిల్లలకు రెండు సంగతులు నేర్పించండి. లోపల చిక్కుకుంటే ముందు సీట్లలోకి రావాలి, ముందు తలుపులకు చైల్డ్ లాక్ ఉండదు. హారన్‌ను విడువకుండా నొక్కాలి, చాలా కార్లలో తాళము లేకపోయినా అది మ్రోగుతుంది.

వెనుక తలుపు అంచున ఉండే చైల్డ్ లాక్ వేరు, డ్రైవరు ప్రక్కన ఉండే అద్దముల లాక్ బటన్ వేరు. మొదటిది తలుపును లోపలి నుండి తెరవనియ్యదు. రెండవది అద్దమును దిగనియ్యదు. వెనుక అద్దము చెడిపోయి, దానికి తోడు చైల్డ్ లాక్ వేసి ఉంటే, వెనుక కూర్చున్నవారికి ఆ ప్రక్క నుండి బయటపడే దారి లేదు. “వెనుకదే గదా, తరువాత చూద్దాము” అని అనేకులు సంవత్సరముల తరబడి వదిలివేస్తున్న అద్దము అదే.

ఎక్కే అద్దము కూడ ప్రమాదమే. పాత కార్లలో మెడ అడ్డు వచ్చినా, వ్రేళ్లు అడ్డు వచ్చినా మోటారు ఆగదు. పూర్వపు స్విచ్‌లు క్రిందికి నొక్కినా, మోకాలు పడినా అద్దమును పైకి లేపేవి. ఇటువంటి వాటి వలన పిల్లలు చనిపోయినందున, పైకి లాగితే తప్ప అద్దము మూసుకోని స్విచ్‌లు ఉండాలని అమెరికాలో 2005లో చట్టము చేశారు. మీ పాత కారులో ఏ రకము స్విచ్ ఉన్నదో చూసుకోండి. పిల్లలు తల బయటికి పెట్టి ఉండగా స్విచ్ ముట్టవద్దు. ప్రయాణములో అద్దముల లాక్ వేసి ఉంచండి.

దేవుడు తప్పించును గాక, కారు కాలువలో పడితే మొదటి క్షణములే ముఖ్యము. అప్పటికి పవర్ విండో సాధారణముగా ఇంకా పనిచేస్తూ ఉంటుంది. బెల్టు విప్పి, వెంటనే అద్దము దించి, పిల్లలను ముందుగా బయటికి పంపి బయటపడాలి. నీరు అద్దము మట్టమునకు వస్తే ఆ ఒత్తిడికి తలుపు తెరుచుకోదు, అద్దము దిగదు. ప్రక్క అద్దమును పగులగొట్టే చిన్న సుత్తి ఒకటి డ్రైవరు చేతికి అందేటట్టు ఉంచుకోండి. ముందు పెద్ద అద్దము పొరలు గలది కనుక దానిని పగులగొట్టే ప్రయత్నము చేయవద్దు.

ఈ శనివారము సాయంకాలము ఒక పది నిమిషములు తీసుకోండి. నాలుగు అద్దములను ఎక్కించి దించండి. లాక్ బటన్ పనిచేస్తున్నదో లేదో చూడండి. తలుపుల అడుగున రంధ్రములు చూడండి. గాడులు తుడవండి. ఏ అద్దమైనా మొరాయిస్తే పైన చెప్పిన వరుసలో ఒక్కొక్కటి చూసుకుంటూ రండి. మెకానిక్కు దగ్గరకు వెళ్లేసరికి, జబ్బు ఏమిటో సగము మీరే చెప్పగలుగుతారు.

వచ్చే నెల బ్యాటరీ సంరక్షణ గూర్చి ముచ్చటించుకుందాము. అంతవరకు సెలవు.